లేత నీలం గోడల హాల్లో పింక్ సోఫా: కలుస్తుందా, పసిపిల్లల గదిలా ఉంటుందా?

కిటికీపక్కసీటు
హాలు నాలుగు గోడలూ లేత ఆకాశ నీలం. రంగు వేయించి ఎక్కువ కాలం కాలేదు, మళ్ళీ మార్చే ఉద్దేశం లేదు. పాత సోఫా స్ప్రింగులు పోయాయి కాబట్టి కొత్తది కొనాలి. మా ఇద్దరికీ గులాబీ రంగు మీదే మనసుంది. నాకూ మా ఆవిడకీ రంగుల దగ్గర మాట కలవడమే అరుదు, ఈసారి కలిసింది. కానీ ఎవరికి చెప్పినా "అది పసిపిల్లల గదిలా ఉంటుంది" అంటున్నారు.

మాకు అంతుపట్టనిది ఇంకోటి ఉంది. ముందుగా లేత పింక్ కుషన్లు తెచ్చి పాత సోఫా మీద వేసి చూశాం. చేతిలో పట్టుకుంటే చాలా బాగున్నాయి. గోడ పక్కన పెట్టగానే గది మొత్తం నీరసంగా అయిపోయింది. ఫోటో పెడుతున్నాను. ఒకటే పెద్ద కిటికీ, నేల తెల్ల టైల్స్, తలుపులు చెక్క రంగు. అసలు ఈ రెండు రంగులే కలవవా, లేక మేం తెచ్చిన పింక్ కలవట్లేదా?

లక్కపిడత
కలవవండి. లేత బూడిద రంగు సోఫా తీసుకోండి, ఏ గోడకైనా సరిపోతుంది.

అడ్డగీత
ఈ మధ్య ఎవరు ఏ రంగు గురించి అడిగినా జవాబు బూడిదే. ఆలుమగలిద్దరూ ఇష్టపడ్డ రంగు అది. దాన్ని ఎలా నిలబెట్టాలో చెప్పండి గానీ ఇష్టం మార్చుకోమంటే ఎలా?

గోడమీదపిల్లి
ఫోటో చూశాను. గోడ బాగుంది, కుషన్ బాగుంది, రెండూ కలిసి బాగాలేవు. అలాగని పింక్ వద్దనీ చెప్పలేను.

అడ్డగీత
పేరు నిలబెట్టుకున్నారు పిల్లిగారూ.

మసకవెన్నెల
నాకు ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగ్గా తెలియని వర్ణాంధత ఉంది. మీ ఫోటోలో కుషన్ ఎక్కడ ముగిసిందో, గోడ ఎక్కడ మొదలైందో అంచు కుట్టు చూశాక గానీ తెలియలేదు. లేత పింక్, లేత నీలం రెండూ నా కంటికి బూడిదకి దగ్గరగానే ఉంటాయి. మామూలు చూపున్నవాళ్ళకి రంగు తేడా తెలుస్తుంది. కానీ రెండింటికీ వెలుగులో తేడా లేదన్న సంగతి మీ కంటికీ అందుతూనే ఉంటుంది. మీరు నీరసం అంటున్నది అదే అనుకుంటాను. ఆ ఫోటోనే ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి.

కిటికీపక్కసీటు
చేశాను. గోడా కుషనూ ఒకే బూడిద! అంచే లేదు. తలుపు ఒక్కటే ముదురుగా కనిపిస్తోంది.

బ్రష్‌రోలర్
మసకవెన్నెల గారు అసలు విషయం పట్టేశారు. నేను చేసేది రంగుల పనే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

చాలా షేడ్ కార్డుల వెనక ఎల్‌ఆర్‌వి అని ఒక అంకె వేస్తారు. గోడ మీద పడిన వెలుతురులో ఎంత శాతం తిరిగి గదిలోకి వస్తుందో చెప్పే అంకె అది. సున్నా పూర్తి నలుపు, 100 పూర్తి తెలుపు. మీ గోడలాంటి లేత నీలాలు సాధారణంగా 60, 70 దగ్గర ఉంటాయి. లేత పింకులూ దాదాపు అక్కడే. నేవీ బ్లూ అయితే చాలావరకు 10 లోపే. పింక్, నీలం పక్కపక్కన పెట్టేటప్పుడు ఆ అంకెల్లో కనీసం 30 తేడా ఉండేలా చూస్తాను. ఒకటి ముదురు, ఒకటి లేత. ఏది ముదురన్నది మీ ఇష్టం.

పసిపిల్లల గది అన్న మాట వచ్చేది కూడా అక్కడే. రెండూ తెలుపు బాగా కలిసిన రంగులై, రెండూ సగం సగం పరుచుకుంటే ఆ వాసన వస్తుంది. మీ గోడలు ఎలాగూ లేత. కాబట్టి సోఫా పింక్ ముదరాలి. ముదరాలంటే రాణీ పింక్ కొనమని కాదు. ఎండిన గులాబీ రేకు రంగు, జేగురు కలిసిన పింక్, కనకాంబరానికి దగ్గరగా ఉండేవి చూడండి.

తూనీగ
ఆ రాణీ పింక్ అంటే ఎందుకు అందరికీ భయం? మా హాల్లో లేత నీలం గోడ ముందు రాణీ పింక్ కుర్చీ ఒకటే ఉంది. వచ్చినవాళ్ళందరూ అందులోనే కూర్చుంటారు.

బ్రష్‌రోలర్
ఒక కుర్చీకి అది బ్రహ్మాండం, తూనీగ గారూ. ముగ్గురు కూర్చునే సోఫా అంతా ఆ రంగైతే రోజూ చూడగలరా అన్నదే నా అనుమానం.

లక్కపిడత
నా బూడిద సంగతి వదిలేద్దాం. ఒక మాట అడుగుతాను. పింక్, నీలం అనగానే అమ్మాయి, అబ్బాయి గుర్తొస్తాయి కదా. ఆ ముద్ర సోఫా ముదురుగా ఉన్నంత మాత్రాన పోతుందా?

పాతపుస్తకం
ఆ ముద్ర అంత పాతదేమీ కాదు. 1918లో అమెరికాలో పిల్లల బట్టల వ్యాపారుల పత్రిక ఒకటి దీనికి తలకిందులుగా రాసింది: పింక్ గట్టి రంగు కాబట్టి అబ్బాయిలకి, నీలం సున్నితం కాబట్టి అమ్మాయిలకి అని. 1927లో టైమ్ పత్రిక అక్కడి పెద్ద దుకాణాల్ని అడిగి పట్టిక వేస్తే కొన్ని అటు, కొన్ని ఇటు చెప్పాయి. ఇప్పుడున్న పద్ధతి రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే బాగా పాతుకుంది.

పెద్దవాళ్ళ గదుల్లో, గంభీరమైన చోట్ల ఈ జంట అంతకుముందే ఉంది. ఫ్రాన్స్‌లోని సెవ్ర్ పింగాణీ కార్ఖానా 1750లలో తెచ్చిన ఆకాశ నీలం, గులాబీ రంగులు రాజుల ఇళ్ళకి వెళ్ళాయి. ఇరాన్‌లో షిరాజ్ నగరంలో నసీర్ ఉల్ ముల్క్ మసీదు చూడండి, 1876 నుంచి 1888 వరకు కట్టారు. లోపల పలకల మీద గులాబీ పువ్వులు పింక్‌లో, వాటి మధ్య నీలం, పసుపు. దాన్ని గులాబీ మసీదు అనే పిలుస్తారు. ఆ ఫోటోలు చూసి ఎవరికీ ఉయ్యాల గుర్తు రాదు.

అడ్డగీత
అక్కడ నీలం ముదురు, పింక్ లేత. బ్రష్‌రోలర్ గారి సూత్రం ఇరాన్‌లో కూడా పనిచేసిందన్నమాట. అయితే సూత్రాలంటేనే నాకు పడదు. రంగులకి నంబర్లిచ్చే పాంటోన్ సంస్థ 2016 ఏడాది రంగులుగా రోజ్ క్వార్ట్జ్, సెరెనిటీ అని రెండింటిని ప్రకటించింది. ఒకటి లేత పింక్, ఇంకోటి లేత నీలం. అది ఒకే ఏడాదికి రెండు రంగులు ఎంచడం అదే మొదటిసారి. రెండూ లేతవే. దీనికేమంటారు?

సూదీదారం
ప్రకటన బొమ్మల్లో ఆ రెండు రంగులూ ఒకదానిలోకి ఒకటి కరిగిపోతూ కనిపించాయి, సంజవేళ ఆకాశంలాగా. అలా కరగడమే దాని అందం. సోఫా గోడలోకి కరగదు కదండీ, దానికి అంచు ఉంటుంది.

లేత, లేత కలపాలనుంటే బట్టలో చేయొచ్చు. నేను కర్టెన్లు, సోఫా కవర్లు కుడతాను. ఒకే పూల డిజైన్‌లో రెండు రంగులూ ఉన్న గుడ్డ ఒకటి గదిలోకి వస్తే మిగతావన్నీ దాన్ని ఆనుకుని కుదురుకుంటాయి. అది కర్టెన్ కావచ్చు, రెండు కుషన్లు కావచ్చు. కొన్నవాళ్ళు ఈ రెండు రంగుల్నీ కావాలనే తెచ్చారని దాన్ని చూడగానే తెలుస్తుంది. అది లేనప్పుడే నీలం గోడ, పింక్ సోఫా ఎవరికి వారే అన్నట్టు ఉంటాయి.

ఇంకో మాట, ఇక గోడలకి రంగు వేయించాల్సిన వాళ్ళ కోసం. ముందు గుడ్డ కొనండి, తర్వాత పెయింట్. పెయింట్ ఏ షేడ్ అడిగినా మెషిన్‌లో కలిపి ఇస్తారు. గుడ్డ దుకాణంలో ఉన్నదే ఉంటుంది.

బ్రష్‌రోలర్
ఈ చివరి మాటకి నా ఓటు. అందరూ గోడలతో మొదలుపెట్టి తర్వాత గుడ్డ దొరకట్లేదని తిరుగుతారు.

నిద్రపోనిదీపం
ఇంతమంది మాట్లాడారు, ఒక్కరూ బల్బు అడగలేదు! కిటికీపక్కసీటు గారూ, రాత్రి ఏ లైటు వేస్తారు?

కిటికీపక్కసీటు
తెల్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్లు రెండు. డబ్బా మీద 6500 అని ఉంది. ఫోటో కూడా రాత్రి తీసిందే.

నిద్రపోనిదీపం
సగం నీరసం అక్కడుంది. 6500 కెల్విన్ అంటే నీలం పాలు ఎక్కువున్న తెలుపు. దాని కింద మీ గోడ ఇంకా చల్లబడుతుంది, పింక్‌లో వెచ్చదనం పోయి ఊదా వైపు వెళ్తుంది. పసుపు వెలుగిచ్చే 2700 పెడితే దీనికి తలకిందులు: పింక్ వెలుగుతుంది, లేత నీలం కొంచెం బూడిదగానో ఆకుపచ్చగానో మారుతుంది. ఈ జంటకి నేను 3000 చెప్తాను, మరీ పసుపు ఇష్టం లేకపోతే 3500. గదిలో బల్బులన్నీ ఒకటే ఉండాలి. ఒక మూల తెలుపు, ఇంకో మూల పసుపు పెడితే సోఫా రెండు చివర్లూ రెండు రంగుల్లో ఉంటాయి.

డబ్బా మీద సీఆర్‌ఐ కూడా చూడండి, ఆ బల్బు కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె అది, 90 పైన ఉంటే మంచిది. అందులో ఒక మెలిక ఉంది. ఆ లెక్కకి తీసుకునేది 8 లేత రంగుల్నే. ముదురు ఎరుపు ఆ లెక్కలో లేదు, దానికి ఆర్9 అని విడిగా అంకె ఇస్తారు. పింక్ ప్రాణం ఎరుపులోనే ఉంటుంది కాబట్టి ఆర్9 తక్కువున్న బల్బు కింద ఎంత మంచి గులాబీ రంగైనా చచ్చినట్టే ఉంటుంది. ఆ అంకె వేసిన డబ్బా దొరికితే 50 పైన ఉన్నది తీసుకోండి.

గోడమీదపిల్లి
బల్బు మార్చి చూడ్డం సోఫా మార్చడం కంటే తేలిక. ఈ విషయంలో మాత్రం నేను గోడ దిగాను.

పాతపుస్తకం
కుషన్ చేతిలో బాగుండి గోడ దగ్గర మారిపోవడానికి బల్బు ఒక్కటే కారణం కాదు. ఫ్రాన్స్‌లో మిషెల్ షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త గోబెలాన్ నేతశాలలో అద్దకం విభాగానికి అధిపతిగా ఉండేవాడు. నల్ల దారం సరిగ్గా నల్లగా ఉండట్లేదని ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షిస్తే దారంలో లోపం లేదు, పక్కన నేసిన రంగులే దాన్ని అలా చూపిస్తున్నాయి. 1839లో దాని మీద పెద్ద గ్రంథమే వేశాడు. ఏ రంగైనా పక్కనున్నదాన్ని తనకి వ్యతిరేకమైన రంగు వైపు నెడుతుంది. మీ నీలం గోడ పింక్‌ని కొంచెం నారింజ వైపు, పింక్ సోఫా గోడని కొంచెం ఆకుపచ్చ వైపు నెడతాయి. కాబట్టి సోఫా గుడ్డ ముక్కని దుకాణం తెల్లబల్ల మీద చూసి తేల్చుకోకండి. గోడకి ఆనించి చూడండి.

సూదీదారం
చిన్న ముక్క సరిపోదు. కనీసం ఒక మీటరు గుడ్డ తెచ్చి పాత సోఫా వీపు మీద పరిచి కొన్నాళ్ళు ఉంచండి. పగలు, సాయంత్రం, లైటు వేశాక, అన్ని వేళలా మీ కంటపడాలి. మఖమల్ లాంటిదైతే చేత్తో పైకి దువ్వినప్పుడు ఒక రంగు, కిందికి దువ్వినప్పుడు ఇంకో రంగు కనిపిస్తుంది. పింక్ మఖమల్‌లో ఆ తేడా బాగా తెలుస్తుంది. కూర్చుని లేచిన ప్రతిసారీ అచ్చు పడ్డట్టు ముదురు మచ్చ కనిపిస్తే కొందరికి చిరాకు. నాకైతే అదే ఇష్టం.

మసకవెన్నెల
లైట్లు వేయకముందు, మసక చీకట్లో కూడా ఒకసారి చూడండి. వెలుతురు తగ్గేకొద్దీ కంటికి ఎరుపు త్వరగా నల్లబడుతుంది, నీలం ఎక్కువసేపు నిలుస్తుంది. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 19వ శతాబ్దంలోనే గమనించి రాశాడు. రోజూ ఆ వేళ హాల్లో కూర్చునే అలవాటుంటే ముదురు పింక్ అప్పుడు ఎలా ఉంటుందో తెలియాలి.

తూనీగ
పింక్ గదిలో మనసు శాంతంగా ఉంటుందని, కోపం తగ్గుతుందని చదివాను. జైళ్ళలో కూడా వేశారట. అది కూడా ఒక లాభమే కదా?

పాతపుస్తకం
వేశారు, నిజమే. 1979లో అమెరికాలో ఒక నౌకాదళ నిర్బంధ కేంద్రంలో గదికి ఒక రకం పింక్ వేసి చూశారు. బేకర్-మిల్లర్ పింక్ అని దానికి పేరు. తర్వాత 2015లో స్విట్జర్లాండ్ జైల్లో పింక్ గదుల్నీ తెల్ల గదుల్నీ పోల్చి జాగ్రత్తగా పరీక్ష చేస్తే ఖైదీల దూకుడులో తేడా కనబడలేదు. కోపం తగ్గుతుందని సోఫా కొనొద్దు, చూడముచ్చటగా ఉందని కొనండి.

లక్కపిడత
ఆ కిటికీ సోఫాకి ఎంత దూరం? మా ఇంట్లో పింక్ కర్టెన్లు ఎండకి వెలిసి మడతల లోపల ఒక రంగు, బయట ఒక రంగు అయ్యాయి. పక్కనే ఉన్న నీలం దిండు గలీబులు చెక్కుచెదరలేదు. బూడిద అన్నది అందుకే.

అడ్డగీత
ఈ సంగతి మొదటే చెప్పి ఉంటే మీ బూడిద మీద నేను విరుచుకుపడేవాణ్ణి కాదు కదండీ!

సూదీదారం
ఇది ముఖ్యమైన మాట. ఎండలో చాలాకాలం ఉన్న వాల్‌పోస్టర్లు నీలంగా మారడం చూసే ఉంటారు. అందులో పింక్, పసుపు సిరాలు ముందు పోతాయి, నీలం మిగులుతుంది. గుడ్డల రంగుల్లోనూ చాలావాటికి ఇదే గతి.

గుడ్డ ఎండకి ఎంత ఆగుతుందో చెప్పడానికి ఒక అంకె ఉంది, 1 నుంచి 8 వరకు. 8 అన్నింటికంటే గట్టిది. నీలం రంగద్దిన ఉన్ని ముక్కలు ఎనిమిది పక్కన పెట్టి, ఏ ముక్కతో సమానంగా వెలిసిందో చూసి ఆ అంకె వేస్తారు. సోఫా గుడ్డకి 5 తక్కువ కాకుండా, కిటికీ కర్టెన్‌కి 6 ఉండేలా అడగండి. మంచి గుడ్డల శాంపిల్ పుస్తకంలో ముక్క వెనకే రాసి ఉంటుంది. కర్టెన్‌కి లోపల తెల్ల లైనింగ్ వేయిస్తే ఎండ దాని మీదే పడుతుంది.

బ్రష్‌రోలర్
పెయింట్‌లో కూడా అంతే. జేగురు పింకుల్లో ఉండేది ఐరన్ ఆక్సైడ్, అది ఎండకి లొంగదు. కొట్టొచ్చినట్టుండే చవక పింకులే ముందు పాలిపోతాయి.

కిటికీపక్కసీటు
ఇన్ని విషయాలు తెలుస్తాయనుకోలేదు, అందరికీ మనస్ఫూర్తిగా థాంక్స్. ట్యూబ్‌లైట్లు తీసేసి 3000 బల్బులు పెట్టాం. గోడ అదే గోడ, కానీ రాత్రిపూట గదిలో కూర్చోబుద్ధి అవుతోంది. దుకాణం నుంచి మూడు రకాల గుడ్డ తెచ్చి పరిచాం. ఒకటి లేత పింక్, ఒకటి ఎండు గులాబీ, ఒకటి కనకాంబరం. లేతది పక్కన పెట్టేశాం. కనకాంబరం పగలు నారింజలా కనిపిస్తోంది, పాతపుస్తకం గారు చెప్పినట్టే. ఎండు గులాబీ ఫోటోని బ్లాక్ అండ్ వైట్ చేస్తే గోడకంటే బాగా ముదురుగా వచ్చింది. మా ఆవిడ మాత్రం కనకాంబరం వదలడం లేదు.

తూనీగ
కనకాంబరం కుషన్లకి, ఎండు గులాబీ సోఫాకి. ఇద్దరి మాటా నిలుస్తుంది!

నిద్రపోనిదీపం
ఎండు గులాబీకే నా ఓటు. రగ్గు ఏ రంగు అనుకుంటున్నారు? నేల తెల్లగా ఉందన్నారు, సోఫా కింద కాస్త బరువుగా ఉండాలి.

బ్రష్‌రోలర్
నేవీ బ్లూ రగ్గు వేయండి. గోడ లేత నీలం, సోఫా మధ్యస్థం, రగ్గు ముదురు నీలం. అప్పుడు గదిలో నీలం పైనా కిందా ఉండి పింక్ మధ్యలో నిలుస్తుంది. 60-30-10 అని ఒక లెక్క చెప్తారు, గదిలో 60 పాళ్ళు ఒక రంగు, 30 ఇంకోటి, 10 మూడోది. దాన్ని టేపు పెట్టి కొలవక్కర్లేదు. రెండు రంగులూ సగం సగం కాకుండా చూసుకుంటే చాలు. మూడో రంగు మీ తలుపుల చెక్కే, కొత్తగా ఏదీ తేవద్దు.

అడ్డగీత
మూడో రంగు ఒద్దన్న చోట నేను ఒప్పుకోను. ఒక ఆవపువ్వు పసుపు కుషన్ ఉంటే ఆ రెండింటికీ ప్రాణం వస్తుంది. షిరాజ్ పలకల్లో కూడా పసుపు ఉందని పాతపుస్తకం గారే చెప్పారు.

బ్రష్‌రోలర్
ఒకటైతే సరే. రెండోది మాత్రం కొనొద్దు.

గోడమీదపిల్లి
మధ్యలో నాదొకటి అడగనా? పడకగదిలో తల వైపు గోడ ముదురు నీలం, మిగతా మూడూ లేత పింక్ వేయిద్దామనుకుంటున్నాను. మూల దగ్గర రెండు రంగులూ కలిసే చోట గీత వంకరగా వస్తుందేమోనని టెన్షన్. మధ్యలో తెల్ల పట్టీ వదలాలా?

బ్రష్‌రోలర్
పట్టీ అక్కర్లేదు. గోడల మూలలు చూడ్డానికి నిటారుగా ఉన్నట్టుంటాయి గానీ నిజానికి చాలావరకు ఉండవు. మూలనే నమ్ముకుని వేస్తే ముదురు రంగు ఆ వంకరంతా చూపిస్తుంది. అందుకని ముందు పింక్‌ని మూల దాటించి నీలం గోడ మీదికి కొంచెం వేసేయండి. పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత లెవెల్ పెట్టి నిటారుగా పెన్సిల్ గీత గీసి టేపు అంటించండి. టేపు అంచు మీద మళ్ళీ ఒక పల్చటి పింక్ కోటు వేయండి, సందుల్లోకి దూరేది పింకే అవుతుంది. అది ఆరాక నీలం వేయండి. రెండో కోటు నీలం ఇంకా తడిగా ఉండగానే టేపుని మెల్లగా, ఏటవాలుగా లాగండి. ఆరేదాకా ఆగితే రంగు పొరలా లేచి వచ్చేస్తుంది.